సిమెంటు ఏనుగు నడవలేదు

కాదండీ, ఏనుగు ఉన్నచోటే ఉంది. ఎన్నిసార్లు చెప్పాలి? అది సిమెంటు ఏనుగు. లోపల ఇనుప చువ్వలు, నాలుగు కాళ్ల కింద కాంక్రీటు దిమ్మ, వెనకవైపు ఎక్కడానికి మెట్లు, ముందు తొండమే జారుడుబల్ల. అది నడిచి ఎక్కడికి పోతుంది? నేను రాసిన ఆట కింద ఒకాయన కామెంటు పెట్టాడు. తనదీ నెల్లూరేనట. "ఏనుగు సముద్రం పక్కన ఉంటుంది. నువ్వు పార్కు మధ్యలో పెట్టావు. అసలు ఎప్పుడైనా ఆ పార్కుకి వెళ్లావా?" అన్నాడు. బస్సులో కడ్డీ పట్టుకుని ఒంటిచేత్తో జవాబు టైపు చేస్తూ నేను దిగాల్సిన స్టాపు దాటిపోయాను. ఆయన మాత్రం పళ్లికిలించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు.

ఆయన ఒక్కడే అయితే వదిలేసేదాన్ని. ఆ తర్వాత మా పెద్దమ్మ కూతురు, మా అక్క కూడా అదే మాట అంది. ఆమె ఆ పార్కు పక్కన పుట్టి పెరిగిన మనిషి. ఆమె చెప్తే ఎవరైనా నమ్ముతారు. అందుకే భయం వేసింది.

ముందు ఆట సంగతి చెప్తాను. కంపెనీలు ఎప్పుడో తయారీ ఆపేసిన టీవీ గేమ్ డబ్బాలు ఉన్నాయి కదా, వాటి కోసం ఇప్పటికీ కొత్త ఆటలు రాసేవాళ్లున్నారు. ఉద్యోగాలు చేసుకుంటూ, ఇంట్లో కూర్చుని, సరదాకి. వాటిని హోంబ్రూ ఆటలంటారు. ఎవరైనా దించుకోవచ్చు, ఆడుకోవచ్చు, చాలావాటిని విప్పి మార్చుకోవచ్చు కూడా. మెమరీ కార్డు పట్టే క్యాసెట్ ఒకటి దొరుకుతుంది. ఆటని కార్డులో వేసి, కార్డుని క్యాసెట్లో పెట్టి, క్యాసెట్ని డబ్బాలో గుచ్చితే ఆట వచ్చేస్తుంది.

నా ఫోన్ నిండా ఆటలే. బొమ్మలు నిజం మనుషుల్లా ఉంటాయి, చెమట చుక్క కూడా కనిపిస్తుంది. అయినా ఒక విదేశీయుడు వాళ్ల ఊళ్లో మూసేసిన ట్రామ్ గురించి రాసిన హోంబ్రూ ఆట ఆడాక ఫోన్ ఆటలన్నీ చప్పబడిపోయాయి. అందులో ఎవరూ ఎవరినీ చంపరు. ట్రామ్ వెళ్తుంది, గంట కొడుతుంది, గొడుగు పట్టుకున్న ఒక ముసలాయన దిగుతాడు. అంతే. కానీ ఆ రొట్టెల కొట్టు మీద బోర్డు ఎటు ఒరిగి ఉంటుందో, ఏ మలుపులో ట్రామ్ కాస్త ఆగి ఊగుతుందో, అన్నీ ఉన్నాయి. రాసినవాడు ఆ వీధిని గడి గడీ గుర్తుపెట్టుకున్నాడు. నేను హైదరాబాదులో అపార్టుమెంటులో కూర్చుని, చూడని ఊరి కోసం దిగులుపడ్డాను. అప్పుడే అనుకున్నాను, నాకూ ఒక చోటుంది, దాన్ని నేను రాయాలని.

ఆ చోటు నెల్లూరు సముద్రపొడ్డున ఉన్న ఒక పార్కు. చిన్నప్పుడు ప్రతి వేసవికీ నన్ను పెద్దమ్మ వాళ్లింటికి పంపేవాళ్లు. ఊరు దాటితే రొయ్యల గుంటలు, గుంటలు దాటితే సరుగుడు తోట, తోట పక్కన రోడ్డు మీదే పార్కు గేటు. పెదనాన్నకి పార్కు లోపల బంకు ఉండేది. పుచ్చకాయ ముక్కలు, గోలీ సోడా, మిరపకాయ బజ్జీలు. ఏనుగు పక్కనే బంకు. నేను తొండం మీంచి జారి నేరుగా బజ్జీల మూకుడు ముందు పడేదాన్ని. పెదనాన్న భుజం మీది తువ్వాలుతో నా మోకాళ్ల ఇసుక దులిపి, "మళ్లా ఎక్కు, సాయంత్రం దాకా టిక్కెట్టు లేదు నీకు" అనేవాడు.

ఏనుగు దాటి ముందుకెళ్తే బొమ్మ రైలు. రైలు దాటితే దెయ్యాల ఇల్లు. దాని తర్వాత జెయింట్ వీల్. ఆ తర్వాత ఇంకో వరస బంకులు, గోడ, గోడ అవతల ఇసుక, ఇంకా అవతల సముద్రం. నీళ్ల దాకా వెళ్లాలంటే చెప్పులు చేత్తో పట్టుకుని కాలుతున్న ఇసుకలో పరుగెత్తాలి. కాళ్లు మాడిపోయేవి. ఆ మంట నాకు ఇప్పటికీ గుర్తుంది. పక్కనే సముద్రం ఉంటే కాళ్లు ఎందుకు కాలుతాయి?

పెద్దమ్మ ఇంట్లో టీవీ గేమ్ ఉండేది. పసుప్పచ్చ క్యాసెట్, దాని మీద లక్షల ఆటలున్నాయని రాసి ఉంటుంది, తీరా చూస్తే అవే నాలుగు ఆటలు తిరిగి తిరిగి వస్తాయి. పడకపోతే క్యాసెట్ తీసి ఉఫ్ మని ఊదాలి. అక్క ఊదితేనే పడేది. ఆమె నాకన్నా చాలా పెద్దది, అయినా నాతో సమానంగా కూర్చుని ఆడేది, ఓడిపోతే నెత్తిన మొట్టేది. అందుకే నా ఆట కూడా ఆ డబ్బాకే రాశాను.

అలాంటి డబ్బాకి ఆట రాయడమంటే నేల కొలుచుకోవడమే. తెర మీద చిన్న చిన్న గడులు. ఒక్కో గడిలో ఏముందో చెప్పాలి. ఇసుకా, గోడా, మెట్టా. గేటు నుంచి సముద్రం దాకా నాకు గుర్తున్నవన్నీ వరసగా పరిచాను. ఏడు తెరలు వచ్చాయి. మొదటి తెర గేటు. నాలుగో తెర ఏనుగు, సరిగ్గా నడిమధ్య. ఏడో తెర సముద్రం. మధ్యలో తువ్వాలు వేసుకున్న పెదనాన్న, మూకుడు, పొగ. అప్పటికి పెదనాన్న పోయి చాలాకాలమైంది. ఆయన్ని పదహారు గడుల్లో నిలబెట్టినప్పుడు ఫోన్ పక్కన పడేసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

ఆట పెట్టిన వారానికి ఆ పళ్లికిలింపు కామెంటు వచ్చింది. ఆ కోపంలో ఉండగానే అక్క ఫోన్ చేసింది.

"ఏందే, పడుకోనుండావా? లెయ్యి. మనకి ఒకటో నంబరు వచ్చింది!"

"ఏం ఒకటో నంబరు?"

"పార్కులో బంకు. మా నాయన జాగాలోనే. కొత్తగా కట్టినారు, వెనక గది కూడా ఉండాది. ఇల్లు ఖాళీ చేసి ఆడికే పోతన్నాం. అమ్మ, పాప, అందరం."

అక్క అప్పటిదాకా రొయ్యలు ఒలిచే షెడ్డులో పని చేసేది. రోజంతా ఐసులో చేతులు. వేళ్లు చీలి, గోళ్ల చుట్టూ తెల్లగా ఉబ్బి ఉండేవి. వీడియో కాల్‌లో పాపకి జడ వేస్తూ మధ్యలో చేతులు దులుపుకునేది, తిమ్మిరి పోవడానికి. బంకు వస్తే ఆ ఐసు గది మానేయొచ్చు. ఆమె గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. టిక్కెట్టు అప్పుడే ఫోన్లో బుక్ చేశాను.

నెల్లూరు స్టేషన్‌కి బావ బండి మీద వచ్చాడు. బావ సొంతూరు మనుబోలు, వేళాకోళం లేకుండా మాట్లాడలేని మనిషి.

"ఏం మరదలా, ఫోన్లో చూసుకుంటానే రైలు దిగినావా, దారి కూడా చూసినావా?"

"నువ్వు హారన్ కొట్టినంతసేపూ చూశాను బావా."

"మీ అక్క ఇప్పుడు ఒకటో నంబరు మనిషి. మర్యాదగా మాట్లాడాల."

వానలకి మూసిన పార్కుని మళ్లీ తెరవబోతున్నారు. గేటు మీద పెద్ద నీలం ఆర్చి, చేపలు, ఆల్చిప్పలు, తోకున్న అమ్మాయి బొమ్మ. ఈసారి థీము సముద్ర గర్భమట. గోడలన్నీ నీలం. దీపాలు నీలం. నడిచే దారికి కూడా అలల ముగ్గు వేశారు. నా చిన్నప్పుడు ఏ థీమూ లేదు, పార్కు అంటే పార్కే. తర్వాత అడవి అన్నారు, ఫైబరు సింహాలు వచ్చాయి, అడవిలో రైలేంటని బొమ్మ రైలు తీసేశారు. తర్వాత డైనోసార్లు అన్నారు, దెయ్యాల ఇల్లు పోయింది. జెయింట్ వీల్ ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తులేదు. ప్రతిసారీ కొత్తది వచ్చిందన్న సంబరం, పాతది ఎందుకు పోయిందో అడిగే తీరిక ఎవరికీ లేదు. నేనూ అడగలేదు, నేను హైదరాబాదులో ఫోటోలకి లైకు కొడుతున్నాను.

గేటు లోంచి లోపలికి నడిచాం. గుర్తున్న వరసలోనే నడిచాను. మొదటి తెర, రెండో తెర, మూడో తెర. ఏనుగు కనిపించింది. దానికి కూడా నీలం రంగు వేసి, పొట్ట మీద చేపలు గీశారు. పక్కన పెదనాన్న బంకు ఉన్న జాగాలో కొత్త బంకు. బాగుంది. రేకుల కప్పు, టైల్సు గట్టు. అక్క గుమ్మంలో నిలబడి చేతులు చాపింది.

నేను ఆమె దగ్గరికి వెళ్లలేదు. ఏనుగు వెనక ఉన్నదాన్ని చూస్తున్నాను.

గోడ. గోడ అవతల సముద్రం. ఇసుక కూడా లేదు. నల్ల బండలు, వాటి మీద నురుగు. అల వచ్చినప్పుడల్లా గోడ అవతల నుంచి ఏదో బరువైన మూట కింద పడేసినట్టు చప్పుడు. ఏనుగు ఎక్కే మెట్లు తడిగా ఉన్నాయి.

"అక్కా, మిగతా పార్కు ఏది?"

"ఏం మిగతా? ఇదే గదా పార్కు."

"రైలు, దెయ్యాల ఇల్లు, వీలు. ఏనుగు అవతల ఉండేవి కదా."

"అవి పీకేసినారుగా, పాతబడిపోయినాయని."

"పీకేశారు సరే. అవి ఉన్న నేల?"

అక్క నవ్వింది. "చిన్నప్పుడు అన్నీ పెద్దగానే కనపడతాయిలే. మా స్కూలు గ్రౌండు కూడా ఎంత పెద్దదనుకునేదాన్ని. మొన్న చూస్తే మన ఇంటి దొడ్డంత. సముద్రం ఎప్పుడూ పార్కు చివరనే ఉండాది, ఇప్పుడూ చివరనే ఉండాది. ఏనుగు పక్కన."

ఫోన్ తీసి పాత ఫోటో చూపించాను. మా అమ్మ ఆల్బం నుంచి తీసినది. ఏనుగు మీద నేను, పళ్లూడిన నోరు, వెనక రైలు పట్టాలు, వాటి వెనక దెయ్యాల ఇంటి నల్ల గోడ. సముద్రం ఎక్కడా లేదు. అక్క దాన్ని దగ్గరగా లాక్కుని చూసి, "ఇది అటు తిరిగి తీసినారే" అంది. బావ తొంగి చూసి, "ఈ పళ్లు లేని కోతి ఎవురు?" అన్నాడు. అంతే, ఫోటో సంగతి అయిపోయింది.

ఆ పార్కులో బంకుల నంబర్లు సముద్రం వైపు నుంచి మొదలవుతాయి. ఎప్పటినుంచో అంతే. నీళ్లలో తడిసి ఆకలి మీద వచ్చే జనానికి ముందు ఏ బంకు ఎదురవుతుందో అది ఒకటి. గిరాకీ దానికే ఎక్కువ. అందరికీ ఆ ఒకటో నంబరు మీద ఆశ. వానలు తగ్గి పార్కు తెరిచే ముందు ప్రతి ఏడూ నంబర్లు మళ్లీ వేస్తారు, సముద్రం వైపు నుంచే. ఇది నాకు తెలియదు. పెద్దమ్మ చెప్పింది, ఆ మధ్యాహ్నం అన్నం తింటున్నప్పుడు, మామూలుగా.

"మీ పెదనాయన బంకు పెట్టినప్పుడు ఇరవై ఆరు. మళ్లా ఏటికి ఇరవై రెండు. మళ్లా పంతొమ్మిది. ఒకసారి తుపాను పోయినాక ఒకేసారి పదకొండు ఇచ్చినారు. ముందుకు పోతా ఉండాం అని వీధంతా మైసూర్‌పాక్ పంచినాడు. పోయే ముందు నాలుగు. ఒక్కసారి ఒకటి చూసి పోతే బాగుండు అనేవాడు."

"బంకు ఎన్నిసార్లు జరిపాడు పెద్దమ్మా?"

"జరపడమేంది? ఉన్నచోటే. ఏనుగు పక్కనే."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నేను అక్క వైపు చూశాను. అక్క పాపకి పెరుగన్నం తినిపిస్తోంది. వింది. వినలేదన్నట్టు పాప మూతి తుడిచింది.

మర్నాడు బావ నా ఆట సంగతి పార్కు మేనేజరుకి చెప్పేశాడు. గొప్పలు చెప్పుకోవడం ఆయన బలహీనత. మేనేజరు టోపీ పెట్టుకున్న మంచి మాటకారి. ఫోన్లో ఆట వీడియో చూసి ఎగిరి గంతేశాడు.

"బ్రహ్మాండంగా ఉంది తల్లీ! గేటు కాడ పాత ఆటల మూల పెడదాం. డబ్బా టీవీ, చేపల దీపాలు, మీ ఆట. పిలకాయలు వాళ్ల నాయనల్ని లాక్కొస్తారు. ఒక్కటే చిన్న సవరణ. ఏనుగుని సముద్రం కాడికి జరపాల. నడిమిన పెట్టినారు, జనం తికమకపడతారు."

"అది నడిమినే ఉండేది సార్."

"ఉండేదో, లేదో. ఇప్పుడు లేదు గదా. ఆ అవతల రైలు, వీలు, అయ్యన్నీ తీసేయండి. లేనివి చూపిస్తే ఏవంటారు జనం?"

"ఏమైనాయని అడుగుతారు."

ఆయన నవ్వు తగ్గలేదు. టోపీ సర్దుకుని అక్క వైపు తిరిగాడు. "మీ చెల్లెలికి చెప్పమ్మా. ఒకటో నంబరు కోసం ఎంతమంది తిరగతా ఉండారో నీకు తెలుసు గదా."

ఇంటికొచ్చి తలుపు వేశాక అక్క మొదలుపెట్టింది.

"నీ బొమ్మలాటలో ఏనుగు ఏడ ఉంటే ఏందే? ఇంత జరిపితే నీ సొమ్మేం పోతుంది?"

"అక్కా, నంబర్లు ఎందుకు తగ్గుతున్నాయో నీకు అర్థం కాలేదా? ముందున్న బంకులన్నీ ఏమైపోయాయి?"

"గట్టిగా అరవమాక, పాప పడుకోనుంది. నువ్వు నాలుగు రోజులు ఉండి పోతావు. ఫోటోలు పెట్టుకుంటావు. నా నోటికాడ కూడు తీసి నీ ఆటకి పెట్టమాక."

"నీ మంచికే చెప్తున్నా!"

"నా మంచి సంగతి నీ ఫోనుకి తెలుసా?"

నేను కూడా గమ్మున ఊరుకునే రకం కాదు. చాలా మాటలన్నాను. బావ మధ్యలోకి వచ్చి, "ఇద్దరూ ఒకే తల్లి పాలు తాగినట్టు అరస్తారబ్బా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాతి రోజు ఆదివారం. చర్చి నుంచి వచ్చాక పెద్దమ్మ, ఎవరితోనూ చెప్పకుండా, బీరువా మీంచి పాత టీవీ గేమ్ దించింది. గుడ్డ సంచిలో చుట్టి దాచి ఉంది. సిగ్గుపడుతున్నట్టు అంది, "మీ పెదనాయన ఉన్నాడంట గదా అందులో. చూపియ్యి." తీగలు తగిలించాను. నా ఆట ఉన్న క్యాసెట్ బ్యాగులోంచి తీసి గుచ్చాను. పడలేదు. తెర అంతా బూడిద రంగు. మళ్లీ గుచ్చాను. పడలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అక్క ఇక ఆగలేకపోయింది. వచ్చి క్యాసెట్ లాక్కుని ఉఫ్ మని ఊది గుచ్చింది. పార్కు గేటు వచ్చింది.

ప్యాడు ఆమె చేతిలోనే ఉంది. కుడి గుండీ నొక్కింది. గేటు, చెరుకురసం బండి, ఊయలలు. నాలుగో తెరలో ఏనుగు. పక్కన తువ్వాలు, మూకుడు, పొగ. పెద్దమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్క చిన్నపిల్లలా కేక పెట్టింది. "నాయనే! అమ్మా, తువ్వాలు చూడు, ఎడం భుజం మీదనే ఏసింది!" కాసేపు అక్కడే నిలబడి ఏనుగు ఎక్కింది, జారింది, ఎక్కింది, జారింది. ఆమె మెల్లగా నవ్వుతోంది, చీలిన వేళ్లు గుండీల మీద ఆడుతున్నాయి. నేను గొడవ మర్చిపోయాను.

"ఇంకా ముందుకు పో అక్కా," అన్నాను.

వెళ్లింది. రైలు కూత పెట్టింది. దెయ్యాల ఇంటి ముందు, నల్ల గోడ మీద ఎర్ర చేతుల గుర్తులు. అక్క బొటనవేలు నెమ్మదించింది. వీలు. ఆ తర్వాత చివరి వరస బంకులు, ఒకే గీత మీద, ఒక్కో బంకులో ఒక్కో మనిషి. ఆ పాత డబ్బాకి ఒక బలహీనత ఉంది. ఒకే గీత మీద ఎనిమిది కదిలే బొమ్మలకి మించి చూపించలేదు. తొమ్మిదోది వస్తూ పోతూ మిణుకుమిణుకుమంటుంది. నేను సరిచేయొచ్చు, బద్ధకించాను. సముద్రం వైపు చివరి బంకులో తల మీద కొంగు కప్పుకున్న మనిషి మిణుకుమంటోంది.

"ఆ చివరామె ఎవురే? ఉంటా, లేకుండా పోతా ఉండాది."

"చెనక్కాయల అవ్వ. వేరుశెనక్కాయలు ఉడకబెట్టి అమ్మేది, గుర్తులేదా? నాకు ఊరికే దోసెడు పోసేది. అప్పుడు ఆమెదే ఒకటో నంబరు."

"అవును. చెనక్కాయల అవ్వ." అక్క తెర వైపే చూస్తోంది. "ఒక ఏడు రాలా ఆమె. మళ్లా రెండో నంబరు సోడాలాయన ఒకటో నంబరైనాడు. ఆయన కూడా..."

ఆమె బొటనవేలు గుండీ మీంచి లేచింది.

"ఆమె ఏమైందని ఎవరన్నా అడిగారా అక్కా?"

పెద్దమ్మ నా మోచేయి గిల్లింది, చాలు అన్నట్టు. బొమ్మ మనిషి ఆరో తెర చివర నిలబడి ఉంది. ఇంకొక్క అడుగు వేస్తే ఇసుక, సముద్రం. అక్క ఆ గుండీ నొక్కలేదు. తర్వాత ఎడం గుండీ నొక్కి, వెనక్కి, వెనక్కి, పెదనాన్న దాకా వచ్చింది. ప్యాడు కింద పెట్టింది.

"నా చేతులు చూసినావా?" అంది నాతో. చూపించింది కూడా. "ఇప్పుడు ఎండాకాలంలో కూడా వెచ్చబడవు. పాపని ముట్టుకుంటే అది చెయ్యి లాగేసుకుంటుంది, చలి అంటుంది. ఆ ఐసు గదికి నేను మళ్లా పోను. నువ్వేమన్నా చెప్పు, పోను."

కనీసం పెద్దమ్మని, పాపని అక్కడ పడుకోబెట్టొద్దన్నాను. ఇంటి ఓనరుకి అప్పటికే మాట ఇచ్చేశారట, వేరేవాళ్లు దిగుతున్నారట.

పార్కు తెరిచే రోజు పాస్టరుగారు వచ్చి బంకు ముందు ప్రార్థన చేసి వెళ్లారు. జనం రాకముందు మేనేజరు మనుషులు నంబరు బోర్డులు తెచ్చారు. నీలం రేకు మీద తెల్ల అంకె, పక్కన చేప బొమ్మ. ప్రతి బంకు గుమ్మం మీదా ఒక కొక్కెం ఉంది. బోర్డుకి తీగ కట్టి కొక్కేనికి తగిలిస్తున్నారు. గాలికి అన్నీ ఊగుతున్నాయి, రేకులు గోడకి కొట్టుకుంటున్నాయి.

అక్క తల ఎత్తి చూసింది. "అన్నా, ఇది మేకు కొట్టండి. గాలికి పడిపోతుంది."

నిచ్చెన మీదున్నాయన కిందకి చూడకుండానే అన్నాడు, "మేకులెందుకమ్మా? మళ్లా ఏటికి మార్చాల గదా."

చాలా మామూలుగా అన్నాడు. ఏటా అనే మాటలానే అన్నాడు. వెనక వరసలో రెండో నంబరు బంకామె, నాయుడుపేట నుంచి కొత్తగా వచ్చిందట, మా బోర్డు వైపు చూస్తోంది. ఆ చూపులో ఆశ ఉంది. పెదనాన్న మైసూర్‌పాక్ పంచినప్పుడు కూడా అలాగే చూసి ఉంటాడు.

నేను అక్క మొహం చూశాను. ఇప్పుడైనా కదులుతుందేమో, తాళాలు మేనేజరు చేతిలో పెట్టి పాపని ఎత్తుకుని వచ్చేస్తుందేమో అనుకున్నాను. ఆమె బంకులోకి వెళ్లి సుత్తి తెచ్చింది. బావ వద్దంటున్నా స్టూలు ఎక్కి, ఆ చీలిన వేళ్లతో మేకు పట్టుకుని, బోర్డుని గుమ్మానికి కొట్టేసింది. ఒకటి అంకెకి అటూ ఇటూ రెండు మేకులు, చేప కంటిలోంచి ఒకటి.

"ఇంక ఎవుడు మారస్తాడో చూస్తా," అంది స్టూలు దిగుతూ. గోడ అవతల మూట పడినట్టు చప్పుడైంది. పాప ఉలిక్కిపడి ఏడ్చింది.

నేను వచ్చేశాను. ఏనుగుని జరపలేదు. అయినా ఏం లాభం? హోంబ్రూ ఆటలు విప్పి మార్చుకోవచ్చని ముందే చెప్పాను కదా. మేనేజరు ఎవరితోనో నా ఆటని విప్పించాడు. గేటు దగ్గర పాత ఆటల మూలలో డబ్బా టీవీ పెట్టారు. బావ వీడియో పంపాడు. అందులో పార్కు నాలుగు తెరలే. ఏనుగు చివర, నీలం రంగులో, పక్కనే అల. రైలు లేదు, వీలు లేదు. చెనక్కాయల అవ్వ మిణుకుమనడం కూడా లేదు. పెదనాన్నని మాత్రం ఉంచారు, ఒకటో నంబరు బంకులో. పిల్లలు వరస కట్టి ఆడుతున్నారు. ఇంకో రెండేళ్లకి వాళ్లకి గుర్తుండేది అదే పార్కు. నా కామెంటాయన లాగే వాళ్లూ నన్ను అడుగుతారు, ఎప్పుడైనా వెళ్లావా అని.

నిన్న అక్క వీడియో కాల్ చేసింది. వ్యాపారం బాగుందట. చేతులు చూపించింది, నిజంగానే కాస్త నయంగా ఉన్నాయి. నూనె మరకలు, బజ్జీల పిండి. వెనక గదిలో పెద్దమ్మ, పాప పడుకుని ఉన్నారు. మాట మధ్యలో ఆ చప్పుడు వినిపించింది. "అది వింటుంటే నిద్ర పడుతుందా అక్కా?" అన్నాను. "అలవాటైపోయిందిలే. ముందు గోడ అవతల వినపడేది," అని, చేతి పిండి దులుపుకుని, "ఇప్పుడు మంచం కింద వినపడతా ఉంది," అంది. అని వెంటనే గిరాకీ వచ్చిందని ఫోన్ పెట్టేసింది. వానలు రావడానికి ఇంకా టైముంది. ఫోన్లో వాతావరణం యాప్ రోజూ తెరుస్తున్నాను. అక్కడ ఎండ బొమ్మే చూపిస్తోంది.

మీలో చాలామంది ఆ ఏనుగు ఎక్కే ఉంటారు. ఇంట్లో పాత ఫోటో ఒకటి ఉండే ఉంటుంది, వెతకండి. మీ మొహం కాదు, మీ వెనక ఏముందో చూడండి. చూశాక, సిమెంటు ఏనుగే తన కాళ్లతో నడిచి సముద్రం దగ్గరికి పోయిందని నా మొహం మీద అనగలరా?